గెలిచినమ్మ మళ్ళీ ఎందుకు తలపడాలి?

పోయిన నెలలో ఒక సాయంత్రం. రోట్లో చెనక్కాయల ఊరిబిండి నూరుతున్నాను. మిక్సీ లేదా అని అడగొద్దు, ఉంది. కానీ ఊరిబిండికి రోటి రుచి రోటిదే. మా చిన్నమ్మాయి స్కూలు నుంచి వచ్చి సంచి మంచం మీద విసిరేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా ఎదురుగా చతికిలబడింది.

"అమ్మా, ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి నాతో పట్టు పడతానంటాంది. సార్ గూడా సరే అన్న్యాడు. నేనెందుకు పట్టల్ల? పోయినేడు జిల్లాకు పోయింది నేను, రాష్ట్రానికి పోయింది నేను. ఆ పిల్ల నిన్న గాక మొన్న వచ్చింది!"

మా పాప పదో తరగతి. జూడో ఆడుతుంది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కింద పడేసే ఆట అది. 44 కిలోల లోపు విభాగం తనది. ఒక్కో బరువుకు స్కూలు నుంచి ఒక్క పిల్లనే పంపుతారు. పోయినేడు ఆ ఒక్కరూ మా పాపే.

"పట్టు పడితే పోయేదేముంది? నువ్వే గెలుస్తావు కదా" అన్నాను.

"ఓడిపోతే?" అంది చిన్న గొంతుతో.

నా చేతిలో పొత్రం ఆగిపోయింది. దానికి నా దగ్గర జవాబు లేదు. వరండాలో బియ్యం ఏరుకుంటున్న మా అత్తగారు మాత్రం తలెత్తకుండానే అన్నారు.

"ఏమ్మే, పోయిన తిర్నాలలో గెలిచిన ఎద్దులకు ఈ తిర్నాలలో బండ లాగకుండానే బహుమానం ఇస్తారా?"

మన సీమ వాళ్ళకు బండలాగుడు గురించి చెప్పక్కర్లేదు. కర్నూలు, నంద్యాల, కడప పల్లెల్లో ఉగాదికీ, తిర్నాలలకూ ఆ సందడి చూడాల్సిందే. బండ బరువు అందరికీ ఒకటే. ఇచ్చే సమయం అందరికీ ఒకటే. ఆ సమయంలో ఏ జత ఎంత దూరం లాగితే దానిదే గెలుపు. పోయినేడు మొదటి బహుమతి కొట్టిన జతనైనా ఈ ఏడు మళ్ళీ కాడి కట్టి బరిలోకి తోలాల్సిందే. ఎద్దుల యజమాని ఎంత పెద్ద రైతైనా "మావి గెలిచిన ఎద్దులు, మాకెందుకు పోటీ" అంటే నలుగురూ నవ్విపోతారు.

ఎద్దులకైతే సరే. మనిషికి? అందులోనూ ఇరవై ఏళ్ళు చెమటోడ్చి, పేరు తెచ్చుకున్న మనిషికి?

ఆ రాత్రి అన్నాలయ్యాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పాను. కథ కాదు, జరిగిందే. అదే మీకూ చెప్తాను, విని మీరే తీర్పు చెప్పండి.

నిజామాబాద్ పిల్ల, మణిపూర్ అమ్మ

నిఖత్ జరీన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1996లో నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లలున్న ఇంట్లో మూడో పిల్ల. మొదట పరుగు పందేలకని నాన్న గ్రౌండుకు తీసుకుపోయేవాడట. అక్కడ బాక్సింగ్ ఆడేవాళ్ళంతా మగపిల్లలే. ఆడపిల్లలు ఎందుకు ఆడరు అని ఈ పిల్ల అడగడం, నాన్న చేయి పట్టుకుని నేర్పించడానికి తీసుకుపోవడం, అట్లా మొదలైంది. మొదటి గురువు షంసముద్దీన్. మగపిల్లలతోనే సాధన. మొహం మీద దెబ్బలతో ఇంటికి వస్తే తల్లి ఏడ్చిందట, ఈ పిల్లకు పెళ్ళెట్లా అవుతుందని. ఆ తల్లి కన్నీళ్ళు మనకు అర్థం కానివా చెప్పండి? అయినా పిల్ల ఆగలేదు. 2011లో టర్కీ దేశంలోని అంతల్యాలో పిల్లల విభాగంలో ప్రపంచ విజేత అయింది. అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఇక మేరీ కోమ్. మణిపూర్‌లో కూలీనాలీ చేసుకునే ఇంట్లో 1982లో పుట్టిన మనిషి. ప్రపంచ పోటీల్లో ఆరుసార్లు బంగారు పతకం గెలిచారు. 2002, 2005, 2006, 2008, 2010, 2018. ఈ ఏళ్ళ మధ్యలో ఒక సంగతి గమనించండి. 2007లో ఆమెకు కవల పిల్లలు పుట్టారు. 2008లో మళ్ళీ ప్రపంచ విజేత! కవలల్ని పెంచిన తల్లులకు తెలుస్తుంది ఆ మాటలో ఎంత బరువుందో. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం. 2013లో మూడో బిడ్డ. 2014లో ఆమె జీవితం మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. 2016లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

నిఖత్ చిన్నప్పటి నుంచి మేరీ కోమ్‌ని చూసి పెరిగిన పిల్ల. ఆమెలా కావాలనుకున్న పిల్ల. తీరా పెద్దయ్యాక దారికి అడ్డంగా నిలబడింది ఎవరంటే... ఆమే!

ఒకే తలుపు, ఇద్దరు మనుషులు

ఎందుకట్లా అయిందంటే, బాక్సింగ్‌లో బరువును బట్టి విభాగాలుంటాయి. మన బండలాగుడులో పాలపళ్ళ ఎద్దులు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని వేరువేరుగా పోటీ పెడతారు కదా, అట్లా అనుకోండి. మేరీ కోమ్ సన్నటి మనిషి. 46, 48 కిలోల విభాగాల్లో ప్రపంచాన్ని గెలిచారు. కానీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ మొదలైందే 2012లో. అందులో అన్నిటికన్నా తక్కువ బరువు 51 కిలోలు. టోక్యో ఒలింపిక్స్‌కూ అంతే. కాబట్టి 46 కిలోలామె అయినా, 51 కిలోలామె అయినా ఆ ఒక్క తలుపు గుండానే పోవాలి. దేశం నుంచి ఆ బరువులో వెళ్ళేది ఒక్కరే. నిఖత్ బరువూ సరిగ్గా అదే.

2019లో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్ పోటీలో ఇద్దరూ తలపడ్డారు. మేరీ కోమ్ గెలిచారు. ఆ తర్వాత ప్రపంచ పోటీలకు ఎంపిక వచ్చింది. ఎంపిక పోటీ పెడతారని నిఖత్ ఎదురుచూస్తుంటే, పెట్టకుండానే మేరీ కోమ్‌ని పంపాలని బాక్సింగ్ సమాఖ్య నిర్ణయించింది. ఆమె వెళ్ళారు, అక్టోబరులో కంచు పతకంతో వచ్చారు. ప్రపంచ పోటీల్లో అది ఆమెకు ఎనిమిదో పతకం.

తర్వాత ఒలింపిక్స్ అర్హత పోటీలు. అసలు నియమం ఏమిటంటే, ప్రపంచ పోటీల్లో బంగారమో, వెండో తెచ్చిన ఆడపిల్లలకు మాత్రమే నేరుగా అవకాశం, మిగతావాళ్ళంతా ఎంపిక పోటీలో తేల్చుకోవాలి. మేరీ కోమ్ తెచ్చింది కంచు. అయినా ఆమెనే నేరుగా పంపుతామన్నట్టు పెద్దల మాటలు బయటికి వచ్చాయి.

అప్పుడు ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల ఏం చేసిందో తెలుసా? ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు. కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. నన్నే పంపండి అని రాయలేదు. నాకు న్యాయంగా ఒక్క అవకాశం ఇవ్వండి, పోటీ పెట్టండి అని రాసింది. ఈతలో ఇరవై మూడు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ తన దేశంలో ఎంపికలో గెలిచే వచ్చాడు కదా అని గుర్తుచేసింది.

దేశమంతా రెండుగా చీలింది. షూటింగ్‌లో ఒలింపిక్ బంగారం తెచ్చిన అభినవ్ బింద్రా నిఖత్ అడిగినదాంట్లో న్యాయముందన్నారు. మేరీ కోమ్‌కి కోపం వచ్చింది. ఆ పిల్లను ఎన్నోసార్లు ఓడించాను, ఇంకా సవాలు చేయడమేమిటి, అసలు ఎవరా నిఖత్ అన్నట్టుగా ఆమె మాటలు పత్రికల్లో వచ్చాయి. చివరికి సమాఖ్య ముందు పెట్టుకున్న నియమానికే కట్టుబడింది. పోటీ ఖాయమైంది.

నేను ఎవరి పక్కన?

ఇక్కడ ఒక నిజం ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో ఈ వార్తలు చదువుతున్నప్పుడు నా మనసు సగం మేరీ కోమ్ వైపే లాగింది. మా పక్కింటి ఆపా అయితే పూర్తిగా ఆమె పక్షమే. "ముగ్గురు పిల్లల తల్లి. అన్ని పతకాలు తెచ్చిన మనిషిని మళ్ళీ పరీక్ష రాయమంటారా? ఇది మర్యాదేనా?" అని గోడ మీద నుంచే వాదించేది.

ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ముప్పై ఏడేళ్ళ ఒంటికి ఒక్కో పోటీ ఒక్కో గండం. ఏ వేలో మడత పడినా, ఏ మోకాలో బెణికినా అసలు పోటీకే మోసం వస్తుంది. బయటి దేశాల వాళ్ళతో తలపడాల్సిన మనిషిని ఇంట్లోనే అలసిపోనివ్వడం ఎందుకు అనేది ఒక మాట. పెద్ద పోటీల్లో తట్టుకున్న అనుభవం అందరికీ ఉండదు అనేది ఇంకో మాట. ఈ రెండూ తీసిపారేసే మాటలు కావు.

అయినా నాకు ఆమె మీద జాలి కలిగింది వాటివల్ల కాదు. నలభైలు దాటిన ఆడవాళ్ళం మనకొక భయం ఉంటుంది. మా అత్తగారి చేతి భక్ష్యాలంటే మా చుట్టాల్లో ఒక పేరు. మా పుట్టిల్లు ప్రొద్దుటూరులో వాటినే ఓళిగలంటాం. నేను కొత్తగా కర్నూలుకు కాపురానికి వచ్చిన మొదటి ఉగాదికి నన్ను పూర్ణం పెట్టనిచ్చారు కానీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది. మొన్న మా మరిదికి కోడలొచ్చి "పెద్దత్తా, ఈసారి నేను చేస్తా" అంటే నా గుండెలో కలుక్కుమంది చూడండి, అప్పుడర్థమైంది మా అత్తగారి బాధ! పిండి పాడవుతుందని కాదు. తినేవాళ్ళు రెండూ తిని పోల్చి చూస్తారని. ఇన్నేళ్ళ పేరు ఒక్క పళ్ళెంలో తేలిపోతుందని.

మేరీ కోమ్ భయపడ్డారని నేననను. రింగులో ఆ అమ్మాయికి భయపడేదాన్ని కాదనే ఆమె చెప్పారు. కానీ పేరున్న ప్రతి మనిషికీ ఆ కలుక్కు ఉంటుందని మాత్రం అనుకుంటాను.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. మేరీ కోమ్‌కి ఎంపిక పోటీలు కొత్త కాదు. 2014లో కామన్వెల్త్ క్రీడల ఎంపికలో పింకీ జాంగ్రా అనే హర్యానా అమ్మాయి చేతిలో ఆమె ఓడిపోయారు. ఆ క్రీడలకు పింకీయే వెళ్ళి కంచు తెచ్చింది. మేరీ కోమ్ ఇంట్లో కూర్చున్నారా? అదే ఏడు ఏషియన్ గేమ్స్‌కు మళ్ళీ ఎంపికై, ఇంచియాన్‌లో బంగారు పతకం గెలిచి వచ్చారు. ఇంటి పోటీలో ఓడిపోతే కొంప మునగదనడానికి ఆమె జీవితమే సాక్ష్యం.

ఆ రోజు ఢిల్లీలో

2019 డిసెంబరు 28. ఢిల్లీలో పోటీ. ఇద్దరూ అంతకుముందు రౌండులో వేరే అమ్మాయిల్ని ఓడించి వచ్చారు. మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. అంతా కలిపి తొమ్మిది నిమిషాలు. మన ఇంట్లో కుక్కర్ మూడు కూతలు కూసే లోపల అయిపోయే పని! అందుకోసం ఎన్ని నెలల గొడవ!

మేరీ కోమ్ గెలిచారు. తీర్పు తొమ్మిది, ఒకటి. అంటే తేలిగ్గానే గెలిచారన్నమాట.

పోటీ అయ్యాక మాత్రం మనసుకు నొప్పి కలిగించే సంగతి ఒకటి జరిగింది. నిఖత్ దగ్గరికి వస్తే మేరీ కోమ్ చేయి కలపకుండా వెళ్ళిపోయారు. గౌరవం కావాలంటే ముందు గౌరవం ఇవ్వాలని, రింగులో చూపించాలి కానీ బయట మాట్లాడటమెందుకని ఆమె విసురుగానే చెప్పారు. తెలంగాణ వాళ్ళు అక్కడే నిరసన తెలిపారు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయో లేదో కానీ, టీవీలో చూసిన నాకు తిరిగాయి.

తర్వాత మేరీ కోమ్ 2020 మార్చిలో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించారు. కరోనా వల్ల ఒలింపిక్స్ ఏడాది వెనక్కి పోయాయి. 2021 జులైలో టోక్యోలో మొదటి పోటీ గెలిచి, రెండో పోటీలో కొలంబియా దేశపు ఇంగ్రిత్ వాలెన్సియా చేతిలో మూడు, రెండు తేడాతో ఓడిపోయారు. నిఖత్‌ని పంపి ఉంటే పతకం వచ్చేదేమో అని కొందరన్నారు. ఎవరు చెప్పగలరు? పోటీ పెట్టారు, గెలిచినామె వెళ్ళింది. ఇక దెప్పడానికి ఎవరికీ నోరు లేదు. పోటీ పెట్టకుండా పంపి ఉంటే ఆ ఓటమి రోజు మేరీ కోమ్‌ని ఎన్నెన్ని మాటలనేవాళ్ళు! ఆ ఎంపిక పోటీ నిఖత్‌కి ఎంత అవసరమో మేరీ కోమ్‌కీ అంతే అవసరం. గెలిచిన మనిషి పేరుకు అదే కాపలా.

మరి ఓడిపోయిన నిఖత్? 2022 మే 19. ఇస్తాంబుల్. 52 కిలోల విభాగంలో థాయిలాండ్ అమ్మాయిని అయిదు, సున్నా తేడాతో ఓడించి ప్రపంచ విజేత అయింది! అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ బంగారం. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్ళీ ప్రపంచ విజేత, ఈసారి 50 కిలోల్లో. ఇస్తాంబుల్‌లో గెలిచినప్పుడు ఆమెను అభినందించినవాళ్ళలో మేరీ కోమ్ కూడా ఉన్నారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో కూడా వచ్చింది. ఆరాధించే మనిషి దీవెన లేనిదే గెలుపు పూర్తికాదన్నట్టుగా రాసుకుంది నిఖత్. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీలో చైనా అమ్మాయి చేతిలో ఓడిపోయింది. ఆ ఏడే తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

ఢిల్లీలో ఆ తొమ్మిది నిమిషాల్లో ఓడిపోవడం వల్ల ఆ పిల్ల చిన్నబోలేదు. అడగకుండా నోరు మూసుకుని ఉంటే, ఎప్పుడూ ఓడిపోలేదు కానీ ఎప్పుడూ ఆడనూ లేదు అన్నట్టుండేది.

మన సైనా, సింధుల సంగతే చూడండి. ఇద్దరూ ఒక్క హైదరాబాదులో పెరిగినవాళ్ళే. 2018 కామన్వెల్త్ క్రీడల్లో ఫైనల్లో ఇద్దరే ఎదురుపడ్డారు. సైనా గెలిచింది. అప్పటికే ఒలింపిక్ వెండి పతకం ఉన్న సింధుకి దానివల్ల తగ్గిందేమైనా ఉందా? మరుసటి ఏడే ఆమె ప్రపంచ విజేత అయింది.

అందుకే నా మటుకు నాకు అనిపించేది ఇది. గెలిచినమ్మ తలపడాల్సిందే. అయితే నియమం ఆటకు ముందే చెప్పాలి. గెలిచినవాళ్ళకు ఏదైనా మినహాయింపు ఇవ్వదలిస్తే ఇవ్వండి, తప్పులేదు. కానీ అది ముందే రాసిపెట్టి అందరికీ తెలియాలి. మనిషిని చూసి మధ్యలో మార్చితేనే మనసులు విరిగేది. నిఖత్ అంతకు పోరాడిన తర్వాత కూడా ఈ గొడవలు ఆగలేదు. 2023లో ప్రపంచ పోటీల ఎంపిక మీద ముగ్గురు అమ్మాయిలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళారు.

తనదాకా వస్తే

ఇదంతా విని మా పాప, "అయితే మేరీ కోమ్ గెలిచింది కదా, నేనూ గెలుస్తాననే కదా నువ్వు చెప్పేది?" అంది. పిల్లలకు మనం చెప్పింది వేరు, వాళ్ళు వినేది వేరు.

అప్పుడు ఒక పాత సంగతి గుర్తుచేయాల్సి వచ్చింది. రెండేళ్ళ కిందట ఇదే పాప ఎనిమిదో తరగతి. అప్పుడు పదో తరగతి పిల్లొకతె ఈ బరువులో ఆడేది. మా పాప ఆమెతో పట్టు పడతానంటే, ఆమె రెండుసార్లు వెళ్ళొచ్చిన పిల్ల, పరీక్ష అక్కర్లేదన్నారు. స్కూలు పేరెందుకులెండి. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. మర్నాడు నేనే వెళ్ళాను. ఇంటర్ చదివి పెళ్ళి చేసుకున్నదాన్ని, పెద్దవాళ్ళ ముందు మాట్లాడే అలవాటు లేదు. చెమటలు పట్టాయి. అయినా అడిగాను. "అందరి ముందూ ఒక్కసారి పట్టించండి సార్, ఓడిపోతే మా పిల్ల నోరెత్తదు" అని. వినలేదు. ఆ ఏడు అట్లే పోయింది.

"ఆ రోజు మనిద్దరం న్యాయం న్యాయం అని ఏడ్చినాము కదమ్మా. ఇప్పుడు ఆ ఎనిమిదో తరగతి పిల్ల తల్లి ఇంట్లో ఏమనుకుంటూంటాది?" అన్నాను.

పాప మాట్లాడలేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. పొద్దున లేచి, "పడతానులే" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

ఆటలాడే పిల్లల తల్లులకు నాలుగు మాటలు

నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కాబట్టి చెప్తున్నాను.

ఎంపిక ఎట్లా చేస్తారో ఏడాది మొదట్లోనే స్కూలులో అడిగి తెలుసుకోండి. జాబితా వచ్చాక వెళ్ళి గొడవ పడితే ఎవరూ వినరు. ముందు అడిగితే అది ప్రశ్న, తర్వాత అడిగితే అది తగాదా.

మీ పిల్లను పంపమని అడగకండి. పోటీ పెట్టమని అడగండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

బరువు విభాగం కోసం పిల్లల కడుపు మాడ్చొద్దు. బరువు చూసే ముందురోజు నీళ్ళు కూడా తాగనివ్వని తల్లుల్ని చూశాను. కళ్ళు తిరిగి పడిపోతే ఎవరిది పాపం? తిండి చాలక సాధన ఎక్కువైతే ఎదిగే ఆడపిల్లలకు నెలసరి కూడా తప్పుతుంది. అట్లా జరిగితే ఆటలో మామూలేలే అనుకోకుండా డాక్టరుకు చూపించండి. ఒంటికి తగ్గట్టు పై విభాగానికి పోవడం నయం. మా ఇంట్లో పొద్దున రాగిసంగటో, జొన్నరొట్టో, పప్పు, ఒక గుడ్డు. సాయంత్రం గ్రౌండు నుంచి రాగానే వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క. అంతకన్నా గొప్ప పొడులేవీ కొనలేదు.

గెలిచినా ఓడినా చేయి కలిపి రమ్మని చెప్పండి. మనసులో లేకపోయినా సరే. చేయి ముందు అలవాటు పడితే మనసు మెల్లగా వెనకాలే వస్తుంది.

ఆ శనివారం

పట్టు శనివారం సాయంత్రం పెట్టారు. పాప రావద్దంది కానీ వెళ్ళాను. గ్రౌండు పక్కన వేపచెట్టు కింద ఒకామె నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా. కొంగుతో ఊరికే మొహం తుడుచుకుంటోంది. రెండేళ్ళ కిందట నేనూ అట్లాగే నిలబడ్డాను.

"ఆ పెద్దపాప మీ పాపేనా అక్కా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాను. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు.

జూడోలో పట్టుకు ముందూ తర్వాతా ఒకరికొకరు వంగి నమస్కారం చేయాలి. చేశారు. గెలిచిందా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. లేదు. ఓడిపోయింది. ఆ చిన్నపిల్ల ఎడమచేత్తో ఎట్లా పట్టుకుందో, మా పాప వెల్లకిలా పడింది. లేచింది. మొహం కందగడ్డలా ఉంది. చొక్కా సర్దుకుని, ఎదురుగా నిలబడి, సరిగ్గా వంగి నమస్కారం చేసింది. నేను అటు చూడలేక వేపచెట్టు వైపు తిరిగాను. ఆ పిల్ల తల్లి కూడా సంతోషపడాలో వద్దో తెలియనట్టు తల దించుకుని నిలబడి ఉంది.

ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట లేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను గమ్మున ఉండి ఉంటే, ఆ సారుతో ఒక మాట చెప్పి ఉంటే, ఈ ఏడూ నా బిడ్డే పోయేది కదా అని రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టలేదు. తల్లి మనసు న్యాయం చూడదండీ, అబద్ధమెందుకు.

మూడో రోజు రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతుంటే వెనకాల వచ్చి నిలబడింది.

"అమ్మా, ఆ పిల్లకు ఎడమచేతి పట్టు భలే ఉంది. నాకది రాదు. రోజూ తనతోనే పట్టుకుని నేర్చుకుంటా, సార్‌ను అడిగినా. రేపు ఐదింటికి లేపుతావా?"

వరండాలో నుంచి మా అత్తగారు, "నాలుగున్నరకే లేపు, అది ఎట్లా లేయదు" అన్నారు.

గిన్నెలు పక్కన పెట్టి, అలారం నాలుగున్నరకు తిప్పి, చెనక్కాయలు నానబెట్టి పడుకున్నాను.